మార్తమ్మ సీసా, నా ఎడమ చెవి

రా బేటా, రా. చెప్పులు ఆడనే విడువు, ఏం కాదు. ఇటు కూసో, నా కుడి దిక్కు. ఎడమ దిక్కు కూసుంటే గోడతోని మాట్లాడినట్టే. అరె, నువ్వు చేసిన ఆ వైను సీసాను గట్ల ఊపకు! మీ కార్ఖానా బస్తీ నుంచి మల్కాజ్‌గిరి దాకా స్కూటీ మీదనే తెచ్చినవా? ఆ గుంతలల్ల దుంకించుకుంటనా? మీ నానమ్మ మార్తమ్మ ఉంటే నీ చెవి పిండుతుండె. సరే, దాన్ని ఆ బల్ల మీద నిలబెట్టు, జెర దమ్ము తీసుకోనీ. నువ్వు సుత తీసుకో. తెరుస్తం, తెరుస్తం, తొందరేముంది? క్రిస్మస్‌కు ఇంక మూడు వారాలున్నయ్. మీ అమ్మ ఏమన్నది? ఆఁ? జెర గట్టిగ చెప్పు. "తాజుద్దీన్ అంకుల్ ఇది అత్తమ్మ వైనే అంటే జాడీలు ఉంచుత, కాదంటే రేపే పాత సామాన్లోనికి ఇచ్చేస్త" అన్నదా? అంటది, క్యారల్ అంటది. మంచిదే మీ అమ్మ, గని జెర జాగా కనబడ్డదంటే ఆడ వాషింగ్ మిషన్ పెట్టాలంటది. నవ్వకు, నిజం గాదా? ఇంక నన్ను చూడు. డెబ్బై ఎనిమిదేండ్లు వచ్చినయ్, ఈ నోట్ల ఒక్క చుక్క పడలే, అయిదు పూటల నమాజు. మీ ఇంటి వైనుకు సర్టిఫికెట్ ఇచ్చేటోణ్ని నేను. మా మెహరాజ్ పెండ్లయిన కొత్తల ఇదే మాట మీద నాతోని నెల రోజులు మాట్లాడలే. అగో, వంటింట్ల నుంచి వింటున్నది, ఇప్పుడు సుత మూతి తిప్పుతుంటది చూడు.

ఏం చెప్తున్న? ఆఁ, మార్తమ్మ. అసలు ఈ పిచ్చి ఆమెది గాదు, మీ తాత ఆర్థర్‌ది. మిలిటరీ మెస్సుల బట్లర్ ఉండె ఆయన. ఇంత ఎత్తు మనిషి, తెల్ల బట్టలు, నడుముకు ఎర్ర పట్టీ. పెద్ద పెద్ద ఆఫీసర్లు షాంపేన్ తాగుతుంటే పక్కన నిలబడి పోస్తుండె. పోసీ పోసీ ఆయన దిమాగ్‌ల ఒకటే పురుగు దొలిచింది: మన మోండా మార్కెట్ నల్ల ద్రాక్షతోని గట్ల బుడగలొచ్చేటిది నేను చేస్త అని. చేసిండు. తియ్యటి పానకం లెక్క వస్తుండె, బుడగ లేదు ఏం లేదు. ఒకసారి ఏం చేసిండో ఎరుకనా? గల్లీల సోడా బండి ఉంటే పది సోడాలు తెచ్చి అండ్ల గుమ్మరిచ్చిండు! పాస్టర్ గారు తాగి, "బ్రదర్ ఆర్థర్, రుచి సంగతి దేవునికెరుక గని కడుపు మాత్రం తేలికైంది" అన్నడట. పదేండ్లు తంటాలు పడ్డడు పాపం. బుడగ చూడకుండనే పోయిండు.

పోవుడు సుత ఎట్ల పోయిండు? డెబ్బై నాలుగా, డెబ్బై అయిదా, మార్చి నెల. ద్రాక్ష పిసికి జాడీలల్ల పోసి ఇంక పన్నెండు రోజులు గాలే. గుండె పట్టుకోని కూలబడ్డడు. బాపట్ల దిక్కు నుంచి చుట్టాలు దిగిండ్రు, ముప్పై మంది. పండుకోవాలె గద, జాగ ఏది? జాడీల అర్ర ఖాళీ చెయ్యాల్సొచ్చింది. జాడీలల్ల ఇంక పొంగు తగ్గలే, తీపి ఇరగలే. దుఃఖంల ఉన్న మార్తమ్మకు గదంత ఎరుకుంటదా? ఇంట్ల ఉన్న సీసాలన్నిట్ల నింపి, బిరడాలు గట్టిగ కొట్టి, ట్వైన్ దారంతోని కట్టి, మంచం కిందికి తోసింది. ఇంక ఏప్రిల్ ఎండలు షురూ అయినయ్ చూడు. ఒక పగటీలి ఢామ్! మల్ల ఢామ్! మిలిటరీ ఏరియా గద, పక్కింటి పుష్పమ్మ తుపాకులు పేలుతున్నయనుకోని ఉరికొచ్చి మార్తమ్మ మంచం కిందికే దూరిందట. సీసాలు ఉన్నదే ఆడ! మూడోది ఆమె పక్కనే పేలింది. తౌబా, ఆమె చీరె నిండ ఎర్రటి వైను, "నాకు తగిలింది వదినా, నేను పోతున్నా" అని ఒకటే ఏడ్పు. మార్తమ్మకు మొగుడు పోయినంక మొదటిసారి నవ్వొచ్చిందట ఆ దినం. నాకు ఆమెనే చెప్పింది.

నవ్వు అయిపోయినంక కోపం. పగిలిన గాజు పెంకులన్నీ గొడుగుల ఏసుకోని బోయిగూడల నా దుకాణానికి వచ్చింది. ఖాళీ సీసాల దుకాణం గద నాది, ఆర్థర్ సీసాలు నా దగ్గరనే కొంటుండె. ఎర్రటి ఎండ, తెల్ల చీరె, గొడుగు ఉండి సుత నెత్తి మీద పట్టుకోలే, దాని నిండ గాజు. "ఏమయ్యా, నీ సీసాలేనా ఇవి? చచ్చిపోయిన మనిషికి నాసి సీసాలు అంటగడతావా?" నేను ఇరవై ఏడేండ్లోణ్ని, నాకు సుత నెత్తురు ఉడుకు. "అమ్మా, నా సీసాల తప్పు లేదు, మీరు అండ్ల ఏం నింపిండ్రో చెప్పుండ్రి" అన్న. ఒక సీసా తీసుకోని నా ఉంగరంతోని టక్కున కొట్టి చూపిచ్చిన. బేటా, మా పనిల గదే ముఖ్యం, సీసాను కొట్టి చెవి దగ్గర పెట్టుకుంటే ఎక్కడ సన్న పగులున్నది తెలుస్తది. కంటికి కనబడనిది చెవికి తెలుస్తది. ఆమె గొంతు తగ్గించి, "మళ్ళీ కొట్టు" అన్నది. ఇరవై సీసాలు కొట్టించింది. గొడవకు వచ్చిన మనిషి ఆఖరుకు స్టూల్ మీద కూసోని నా చాయ్ తాగి పోయింది.

తెల్లారి నేను పోయి చూసిన. సీసాలు పల్చటివి, లోపల గ్యాసు జోరు. మెస్సు నుంచి వచ్చిన షాంపేన్ సీసాలు నా దగ్గర పడి ఉండె, అడుగు లోపలికి పోయి గుంత ఉంటది చూడు, బరువైనవి, గవ్వి. ఎవ్వడు కొనకపోతుండె వాటిని. గవ్వి ఇచ్చిన. మంచం కింద పగలకుండ మిగిలినదాన్ని అండ్లకు మార్చి క్రిస్మస్ నాడు తెరిస్తే, యా అల్లా, బిరడా పోయి సీలింగ్ ఫ్యానుకు తగిలింది. నురగ. మీ తాత పదేండ్లు గోస పడ్డ నురగ. అందరు చప్పట్లు కొడుతున్నరు, మార్తమ్మ గిలాస పట్టుకోని ఆయన ఫోటో దిక్కు చూసి, "చూశావా, నువ్వు లేకపోతేనే కుదిరింది" అన్నది. అని ఏడ్చింది.

గప్పటి నుంచి ఇంక ఆ ఇంటికో పద్ధతి. ఒక్క మాట అటు ఇటు పోనియ్యదు. చక్కెర మొదలు ఎంత ఏసిందో అంతే, ఆఖర్న ఒక్క చెంచా సుత కలపదు. పాస్టర్ గారు "సిస్టర్, జెర పులుపున్నది" అంటే, "తీపి కావాలంటే జిలేబీ తినండి పాస్టర్ గారూ, మా ఇంటి వైన్ ఇంతే" అంటుండె. ఏటేటా ఒక జాడీ ముట్టకుండ ఉంచేది, అది వచ్చే ఏడు కొత్తదాంట్ల కలిపేది. "కొత్త దానికి నోరెక్కువ తాజుద్దీనూ, పక్కన పెద్దవాళ్ళుంటే అణుగుతుంది" అనేది. ఇంకొకటి, మామిడికాయల డబ్బలల్ల ఇసుక పోసి సీసాలు తలకిందులు గుచ్చేది. సీసా అడుగుకు సుద్దముక్కతోని గీత. పొద్దుగాల పాట పాడుకుంట ఒక్కొక్కటి పావు వంతు తిప్పేది. మడ్డి అంతా మూతి కాడికి దిగేదాక. దిగినంక బిరడా ఇట్ల పీకితే మడ్డి తుపుక్కున బయటికి. మల్ల జల్దీ మూత. నువ్వేమో ఫోన్ల చూసి ఫ్రాన్సుల సుత గట్లనే చేస్తరు అంటున్నవ్. చేస్తరేమో బేటా, ఎవరన్న వచ్చి కార్ఖానల చూసిపోయిండ్రేమో, మనకేమెరుక!

అమ్మేది గాదు. వీధి వీధంతా పంచేది. పంచే ముందల మాత్రం పరేషాన్ అయ్యేది. రుచి చూసేటోళ్లు అందరు "బాగున్నది, బాగున్నది" అంటరు గద, ఊరికే ఇచ్చినదాన్ని ఎవడు బాగలేదంటడు? ఒకనాడు నన్ను పిలిచి, "నువ్వు తాగవు, నీకు ఆశ లేదు. సీసా చెవితో వింటావు కదా, ఇది కూడా విను" అని గిలాస చెవికి పెట్టింది. ఎడమ చెవికి. నవ్వులాట అనుకున్న. గని బేటా, కసమ్, వినబడ్డది. సోడా అయితే పెద్దగ బుస్సుమని చప్పున చల్లారుతది. మార్తమ్మది గట్ల గాదు. కాగిన నేతిల జీలకర్ర ఏస్తే చిటచిటలాడుతది చూడు, గట్ల సన్నగ, ఆగకుండ. ఆ చిటచిటకు తుంపర లేస్తది, చెవి మీద పడుతది. నేను ఉలిక్కిపడి, "అమ్మా, హరామ్ చీజ్, చెవి మీద పడ్డది!" అన్న. పడీ పడీ నవ్వింది. "నోట్లో పోలేదుగా, చెవిలో పడితే ఏ దేవుడూ లెక్కరాయడులే" అని రుమాలిచ్చింది. ఇంక ఏటేటా గదే తమాష. గిలాస, చెవి, రుమాలు. నేను ఇంటికొచ్చి మొహం కడుక్కునేది, మెహరాజ్ వాసన చూసేది.

ఆఁ? ఆఖరి ఏడా? గది చెప్పాల్నా? ...నువ్వు గప్పుడు నాలుగేండ్ల పిల్లవు. మార్తమ్మకు చేతులు వణుకుడు మొదలైంది. సీసాలు తిప్పలేకపోయింది, బిరడాలు గట్టిగ పడలే, గాలి పోయింది. నన్ను పిలిచింది. గిలాస చెవికి పెట్టుకున్న. ఏం లేదు. చెరువు నీళ్లు లెక్క గమ్మున ఉన్నది. ఆమె నా మొహం దిక్కే చూస్తున్నది. ఎట్ల చెప్పాలె? "బాగున్నదమ్మా, ఎప్పటి లెక్కనే" అన్న. గిలాస నా చేతిల నుంచి తీసుకున్నది. మెల్లగ, "నీ చెవి అబద్ధమాడదు తాజుద్దీనూ, నువ్వే ఆడుతున్నావు. రుమాలు ముట్టుకోలేదు చూడు" అన్నది. మడత మీదనే ఉండె రుమాలు. ఆ ఏడు ఒక్క ఇంటికి సుత పంచలే. కేకులు పంపింది. "వచ్చే ఏడు సరిగ్గా చేద్దాం" అన్నది. వచ్చే ఏడు ఆమెనే లేదు. ఆమెకు నేను చెప్పిన ఒకే ఒక్క అబద్ధం బేటా, గది సుత పట్టుకున్నది.

ఆ పాత జాడీ ఏమైందన్నవ్? పులిసి సిర్కా అయిపోతే మీ అమ్మ ఉల్లిగడ్డలల్ల పోసిందా! హహ్హ, క్యారల్! పోనీ తియ్యి. పాతది లేదని రంది పడకు. మొదటి ఏడు మార్తమ్మకు మాత్రం పాతది ఎక్కడుండె?

అరె, ఎంతసేపని ఆ సీసా దిక్కే చూస్తవ్. నీకు నిజం చెప్పాలె. ఇంతసేపు ఊరికే లొడలొడ ఒర్రుతున్నననుకుంటివా? ఆ ఎడమ చెవి పోయింది బేటా. రెండేండ్లయింది. డాక్టరు మిషన్ పెట్టుకోమన్నడు, పెడితే ఫ్యాను చప్పుడు తప్ప ఏం వినబడకపోతుండె, తీసి డబ్బల పెట్టిన. మీ అమ్మకు చెప్పలే. నువ్వు ఫోన్ చేసి, "తాతా, మీరు వింటేనే" అంటే కాదనబుద్ధి కాలే. ఇప్పుడు నేను బాగున్నదంటే నా చెవి చెప్పినట్టు గాదు, నీ మొహం చూసి చెప్పినట్టు. ఒకసారి జేసిన ఆ పని, మల్ల జెయ్య. కుడి చెవా? దానికి ఈ పని తెల్వదు, నీ మాటలు వింటే చాలు దానికి.

సరే, తెరువు. బొటనవేలు బిరడా మీదనే ఉంచు, మొహం మీదికి తేకు. ఓ మెహరాజ్, జెర పక్కకు జరుగు, పుష్పమ్మ అయితవు! ...ఎగిరిందా? మంచిది, గది నాకు కనబడ్డది. గని ఎగురుడు సోడా సుత ఎగురుతది. గిలాసల పొయ్యి. సగం చాలు. ఇటు తే. ఎడమ చెవికే పెడత, దానికి తెలిసిన పని గద. ఉండు, మాట్లాడకు.

...ఏం లేదు బేటా. ఏం వినబడుతలేదు. నీ తప్పో నా చెవి తప్పో చెప్పలేను. మీ అమ్మకు ఏం చెప్పాలె... ఆగు. కదలకు, గిలాస తియ్యకు.

...

ఫెయిత్ బేటా, ఆ కొక్కేనికి నా రుమాలున్నది. జెర ఇటియ్యి.