తోడు వెళ్ళే మనిషి

పిల్లల్ని గుండె ఆపరేషన్లకు విదేశాలకు పంపే సేవాసంఘం ఆఫీసు గది. నిండు నెలల మనిషి ఒకామె కుర్చీ అంచున కూర్చుని ఉంది. ఒళ్ళో నాలుగేళ్ళ కూతురు, చేతిలో పాపని పంపడానికి ఒప్పుకుంటూ తను సంతకం పెట్టవలసిన కాగితం. వచ్చే నెల దాటితే పాప తట్టుకోలేదని డాక్టర్లు ఆమెకు చెప్పారు. ఎదురుగా సంఘం ప్రెసిడెంటు, ఆమె ఆడపడుచైన సెక్రటరీ; గుమ్మం దగ్గర ఆయా.

"చలికోటు నేను కొన్నానని చెప్పాను కదా వదినా, మళ్ళీ నువ్వెందుకు కొన్నావు?"

"చలిదేశం వెళ్ళేది నేను. కొనుక్కోనా మరి?"

"నువ్వా! పాపకి తోడు సెక్రటరీ వెళ్ళాలని పోయిన మీటింగులో అనుకున్నాం."

"అనుకున్నది నువ్వొక్కదానివే. ప్రెసిడెంటుని నేను. రెండేళ్ళు ఉలుకూ పలుకూ లేని ఆస్పత్రి, పోయిన నెల తనంతట తానే పిల్లని పంపండి, డబ్బేం వద్దు అందంటే ఎవరి చలవ? నేను రాసిన పద్నాలుగు పేజీల ఉత్తరం చలవ."

"అందులో పన్నెండు పేజీలు నీ గురించే కదా."

"అమ్మగారూ, ఆ ఆస్పత్రి సంగతే ఒక్క మాట—"

"ఆయా! మీటింగులో ఉన్నామా లేదా? ముందు వెళ్ళి టీ పెట్టు."

"మేడం, సంతకం పెడదామంటే... తోడు వెళ్ళేవాళ్ళ పేరు దగ్గర ఖాళీగా ఉంది."

"పెట్టేయమ్మా, పేరు తర్వాత మేం నింపుకుంటాం. సాయంత్రం లోపు కాగితం పంపాలి. నిన్నేమో విమానం ఎక్కనివ్వరు, మీ ఆయనకేమో పాస్‌పోర్టు రాలేదు. ఇంకేం ఆలోచిస్తున్నావు?"

"పాపకి ఉన్నట్టుండి ఊపిరాడక పెదాలు నీలంగా అయిపోతాయి. అప్పుడు ఏం చేయాలో మీకు తెలుసు కదా అని..."

"తెలియకేం? బాగా గాలి తగలనివ్వాలి."

"విమానంలో కిటికీలు తెరుస్తావా వదినా? నీళ్ళు తాగించాలి."

"తాగించకూడదు, మొహాన చల్లాలి!"

"ఒకసారి మీ ముందే అలా అయింది కదా మేడం. బ్యానరు ముందు నిలబెట్టి ఫోటో తీసిన రోజు."

"ఓ, ఆ రోజా! పాప రంగు తేడాగా పడిందని నేను ఆ ఫోటోగ్రాఫరుని నానా మాటలూ అన్నానే!"

"అమ్మగారూ, టీ. ఇందాకటి మాట—"

"ఇందులో పంచదారేదీ? మళ్ళీ పెట్టుకురా పో. చూడమ్మా, అక్కడ దిగగానే మైకు పెడతారు. పాప వెంట నాలుగు ముక్కలు మాట్లాడగల మనిషి ఉండాలి."

"ఆ నాలుగు ముక్కలూ నాలుగు గంటలైతే పాప గతేంటి వదినా?"

"మేడం... మేడం, పాప! పెదాలు చూడండి! బుజ్జీ!"

"అయ్యో, ఫ్యాను! ఎవరైనా ఫ్యాను వేయండి!"

"ఫ్యాను కాదు వదినా, నీళ్ళు!"

"తెచ్చి చావు మరి!"

"నువ్వు తే! ప్రెసిడెంటువి నువ్వేగా!"

"తప్పుకోండమ్మా, తప్పుకోండి. నువ్వు లేవకు తల్లీ, నేను పట్టుకున్నాగా. రా నా బంగారం... మోకాళ్ళు ముడిచి గుండెకి ఆనించాలి. అంతే. మొన్న మన కిటికీలో వాలిన పిచ్చుక ఏదీ? పిలుద్దామా? ఊఁ, గాలి పీల్చు. ఇంకోసారి. ఇంకొక్కసారి... అదీ."

"తగ్గిందా ఆయమ్మా?"

"తగ్గుతోంది. పెదాలకి రంగు వస్తోంది, చూడు."

"హమ్మయ్య! నా ప్రాణం పోయినంత పనైంది. ఆయా, కాసిని నీళ్ళు ఇలా ఇయ్యి, నేను తాగుతాను."

"మేడం, ఆ పెన్ను ఇటివ్వండి."

"మంచి పని. ఇంటిపేరుతో సహా రాయి, నాది కాస్త పొడుగు—"

"ఆయమ్మ పేరు రాస్తున్నాను."

"ఏ ఆయమ్మ?"

"మా పాపని ఎత్తుకుని ఉందే, ఆవిడ."

"గదులూడ్చే ఆయానా! నలుగురూ నవ్విపోతారు!"

"నవ్వనీండి. ఆవిడ పేరైతేనే సంతకం."

"వదినా, నువ్వైనా చెప్పు. కాదు కాదు, నువ్వు చెప్పకు, నేను చెబుతాను. ఇదిగో అమ్మాయ్, ఆవిడకి ఆ దేశం భాష వచ్చా? పాస్‌పోర్టు ఉందా?"

"ఉందమ్మగారూ. వీసా కూడా వచ్చింది."

"వీసానా? నీకా? ఎవరిచ్చారు?"

"ఆ ఆస్పత్రి పెద్ద డాక్టరుగారు కాగితాలు పంపారమ్మగారూ. పదేళ్ళు ఆ దేశంలో వాళ్ళింట్లోనే ఉన్నాను, ఆయన పిల్లలిద్దరూ నా చంకలోనే పెరిగారు. పోయిన నెల ఫోన్లో పాప సంగతి చెబితే, నువ్వే వెంటబెట్టుకు రా, డబ్బు మాటెత్తకు అన్నారు. చెబుదామని నోరు తెరిస్తే చాలు, టీ పెట్టమంటిరి."

"వదినా, ఆ టీ నేను పెట్టుకొస్తాను. ఆయా, నువ్వు కూర్చో."

"ఉండవే! ఆయా... మరి నా ఉత్తరం? పద్నాలుగు పేజీలు!"

"అదీ అడిగానమ్మగారూ. ఏ ఉత్తరం అన్నారు."