లచ్చమ్మ పాటకు జాగ చేసిన సంగతి

రెండువేల ఇరవై మూడు, వానకాలం. నాట్లు జోరు మీదున్నయ్. పెన్‌పహాడ్ లచ్చమ్మకు గొంతుల గడ్డ లేసింది. ఆపరేషన్ చేస్తే మళ్లా మాట వస్తదో రాదో చెప్పలేమన్నరు దవాఖానల. ఆమె సొంతంగ కట్టుకున్న నాట్ల పాట ఒకటుంది, ఇంకెవరికీ రాదు. గొంతు పోకముందే దాన్ని రికార్డు చేయించాలని బిడ్డ రజిత నా దగ్గరికొచ్చింది. ఇగో, ఈ కొట్టుల మనకు చాయ్ పోస్తున్న ఈ రజితే. సూర్యాపేటల మైకుసెట్టంటే ఈ సాంసనే, నేనే కదా మరి.

మిర్యాలగూడల ఒక రికార్డింగు రూముకు తోలుకపోయిన. గాడ నిలబడితే లచ్చమ్మకు పాట రాలె. నాట్ల పాట వంగితేనే వస్తదన్నది. మైకును మోకాలెత్తుకు దించి నేనే పట్టుకున్న. ఆమె వంగింది, పాట వచ్చింది. ఒక్కసారే. ఇంకోసారి పాడబోతే గొంతు పట్టేసింది.

తర్వాత వాయిద్యాలు కలిపిండ్రు. డోలక్ ఆయన తన డోలకే వినబడాలంటడు, కీబోర్డు ఆయన తన కీబోర్డే అంటడు. కలిపి వింటే లచ్చమ్మ జాతరల తప్పిపోయిన పిల్ల లెక్క యాడున్నదో తెల్వదు. ఆమె గొంతు పెంచుమన్నరందరు. పెంచనన్న. పెంచితే అది అరుపైతది, పాట కాదు. బస్సుల ముసలామె ఎక్కితే ఆమెను నెత్తి మీదికి ఎత్తుకుంటమా, మనం జర జరుగుతమా?

"గిది మాత్రం నిజం తాతా," అన్నడు ఆటో ఫూల్‌సింగ్.

డోలక్‌ను ఎడమ స్పీకరు బాక్సులకు జరిపిన, కీబోర్డును కుడి బాక్సులకు. ఆమె గొంతు తిరిగే కాడ కీబోర్డును సన్నగ కోసేసిన. ఇంకా జరిపిన. ఆ తర్వాత ఏమైందో తెలుసా? డోలక్ జరిగి జరిగి నల్లగొండ పోయింది, కీబోర్డు కోదాడ దాటింది. నడుమ లారీ మళ్లేంత జాగ.

"లారీనా?" అన్నడు ఫూల్‌సింగ్.

పది టైర్లదిరా. ఆ జాగల లచ్చమ్మ గొంతు నిలబడ్డది. మిర్యాలగూడ రైసుమిల్లులన్నీ గప్‌చుప్. దామరచర్లల కడుతున్న కరెంటు ప్లాంటు ఊపిరి బిగబట్టింది. కృష్ణల నీళ్లు మునికాళ్ల మీద నడిచినయ్. నిడమనూరు కాడ గట్టు మీది నారు, కట్ట విప్పకముందే లేసి, మడిల దిగి, వరుసగ నిలబడ్డది. కూలోళ్లు చేతులు కట్టుకొని చూసిండ్రట. ఇన్నేండ్లు మైకులు కట్టిన, ఒక గొంతుకు లోకమంత తోవ ఇచ్చుడు నేనేడ చూడలె.

ఫూల్‌సింగ్ చేతిల చాయ్ చల్లారింది.

రజిత చాయ్ వడకట్టే జాలి పక్కన పెట్టింది. "లోకమంత జరిగింది సరే తాతా. నువ్వెందుకు జరగలె?"

ఫోన్ల ఆ పాట పెట్టింది. లచ్చమ్మ ప్రతి వరస చివరికి వస్తుంటే, ఆ చివరి మాట మీద "ఓ అమ్మలాలో" అని ఒక బొంగురు గొంతు పడుతున్నది. అందరు నా దిక్కు చూసిండ్రు.

"నాట్ల పాట ఒకరు పాడితే పక్కనోళ్లు అందుకోవాలె బిడ్డా," అన్న. "మడిల పెరిగినోన్ని, నోరు ఊకుంటదా?"

"అందుకోవాలె. అమ్మ ఆపినంక అందుకోవాలె."

ఫూల్‌సింగ్ నవ్వబోయి ఆపుకున్నడు.

లచ్చమ్మకు ఆపరేషన్ అయింది. మనిషి మంచిగనే ఉన్నది, మాట రాలె. రాత ఆమెకు తెల్వదు. ఆ పాటల వరసల చివరి మాటలు ఇప్పుడు ఆమెకు తప్ప ఎవరికీ తెల్వయ్.