కెరటాలరాయుడి పాదాలు

దిగుతావా, దిగవా? నెల్లూరు నుంచి కారొచ్చి ఎంతసేపయింది! డ్రైవరు టీ మీద టీ తాగుతా ఉండాడు. నువ్వేమో పట్టుచొక్కా తొడుక్కొని ఇసుకలో ఉన్న పడవెక్కి కూచున్నావు. అది నిన్ను ఎక్కడికి తీసకపోద్దనుకున్నావు?

ఏందీ, కడుపునొప్పా? పొద్దున చేపల పులుసులో దోసెలు ముంచుకొని తినేటప్పుడు లేదే ఆ నొప్పి!

నాకు తెలుసులేవయ్యా. సన్మానం కార్డు చదివినప్పటి నుంచి నీ మొహంలో నెత్తురు లేదు. 'గంగులయ్య గారు వేదిక మీద కెరటాలరాయుడిని తల నుంచి పాదాల దాకా గీసి చూపిస్తారు' అని అచ్చేసినారు. తలయితే గీస్తావు. ఆ కండలు, ఆ భుజాన వల, కళ్ళు మూసుకొని గీస్తావు. పాదాలో? నీ బొమ్మల కథల్లో రాయుడి పాదాలు ఎవురన్నా చూసినారా? కొండలెత్తినా, రాక్షసుల్ని చితక్కొట్టినా, మోకాళ్ళ లోతు నీళ్ళల్లోనే గదా నిలబడేది!

పాపం, ఆ సన్మానం చేసేవాళ్ళకేం తెలుసు! నీ రాయుడిని చూసే గదా ఈ పిల్లలంతా ఎగిరే వీరుల్ని గీయడం నేర్చుకుంది. ఆ సుశీల్ కుమార్ గీసిన కొత్త పుస్తకం మనవరాలు రోజా చూపించింది. వాడి వీరుడు ఎగురుకుంటా చంద్రమండలానికి పోయినాడయ్యా! అక్కడా మోకాళ్ళ దాకా నీళ్ళే! ఇంకొకడు మేడ మీద నిలబడితే కింద పొగ. ఇంకొకడి పాదాలకి వరిచేను అడ్డం. ఎందుకమ్మే ఇట్టా అంటే, 'గంగులయ్య గారి సంప్రదాయం అవ్వా' అనింది రోజా. సొంత తాతని గారూ అంటాది!

మొన్నొచ్చిన కాలేజీ మేడమ్ ఏమనింది? వీరుడు ప్రకృతి కంటే పెద్దోడు కాదని చెప్పడానికే ఆ నీళ్ళంట. నువ్వు గంభీరంగా తలూపినావు. నేను కొంగు నోట్లో కుక్కుకొని వంటింట్లోకి పరిగెత్తినాను.

నిజం మనిద్దరికే తెలుసు. మొట్టమొదటి కథలో పాదాలు గీసే పంపినావు. 'మీవాడి కాళ్ళ కింద ఆ ఎండ్రకాయలెందుకు, ఇదేమన్నా పీతల కథా?' అని పత్రికాయన తిప్పి పంపినాడు. నువ్వు అన్నం ముట్టలా. 'నీళ్ళలో నిలబెట్టు, ఎవురికి కనపడతాయి' అన్నది ఎవురు? ఈ పేరమ్మ కాదూ! వీరులందరినీ నీళ్ళలో దించింది నేను. న్యాయంగా శాలువా నాకు కప్పాల!

ఆ, నవ్వినావు. ఇంక కడుపునొప్పి పోయినట్టే.

అసలు సంగతి విను. ఇందాక నిన్ను తిట్టుకుంటా వచ్చి ఇక్కడ నిలబడినానా, నీ పాదాలు నా మొహం ముందర వేలాడతా ఉండాయి. బొటనవేలు ఒక పక్కకి, మిగతా వేళ్ళు ఇంకో పక్కకి, మడమంతా పగుళ్ళు. అచ్చం ఎండ్రకాయలే! నావి చూసుకున్నాను. నావీ అంతే. పుట్టినప్పటి నుంచి ఇసుకలో నడిచి, ఊగే పడవలో వేళ్ళు బిగించి నిలబడేవాళ్ళ పాదాలు ఎట్టుంటాయి మరి? బూట్లలో పెరిగిన పత్రికాయనకి అవి పాదాలని ఎట్టా తెలుస్తాది!

నువ్వు సరిగ్గానే గీసినావయ్యా. దాచిపెట్టమన్నది నేను. ఇన్నేళ్ళూ నీకు పాదాలు గీయడం రాదనే అనుకున్నాను, లోపల్లోపల నవ్వుకున్నాను. తల్చుకుంటే ఇప్పుడు ఏడుపొస్తా ఉండాది.

పో, పోయి అవే గీయి. నవ్వేవాళ్ళని నవ్వనీ. వచ్చే ఏడాదికి చూడు, ఆ చంద్రమండలంలో తిరిగేవాడికి కూడా ఎండ్రకాయల పాదాలొస్తాయి. ఒక్కడికి తిన్నని పాదముంటే నన్నడుగు.

ఆ, అట్టా దిగు. నా భుజం పట్టుకో, మెల్లిగా. చెప్పులా? ఇప్పుడేసుకోబాకు. స్టేజీ దిగినాక ఏసుకుందువు, నేను పట్టుకొస్తాలే.