ఎర్రల తొట్టిలో తొక్కు

నారాయణఖేడ్‌లోని ఆ ఇంటి పెరట్లో, ఎరువు తొట్టి మీది గోనెపట్టా ఎత్తిన కోడలు అలాగే నిలబడిపోయింది. వానపాములు ముడుచుకుపోయి ఉన్నాయి.

"అత్తమ్మా, ఎర్రలకు ఏమేసినవ్?"

"జాడీల మిగిలిన మామిడి తొక్కు పచ్చడి. బూజు పట్టింది. వంటింటి చెత్తంత తింటయన్నవ్ కద!"

"ఉప్పు పడదు వాటికి. ఇవి సస్తే కంది చేనుకు ఎరువేడుంటది?"

"ఉప్పెక్కువైతే ఉచ్చల పోతది. వాటికి కిడ్నీలు లేవా ఏంది?"

"ఒంటి మీద ఉంగరాల్లెక్క ఉన్నయ్ కద, ఒక్కోదాంట్ల సన్న గొట్టాలుంటయ్. అవే లోపలి నీళ్లు వడగట్టి, మురికి బయటికి తోస్తయ్."

"గన్ని గొట్టాలుండంగ గింత ఉప్పును తొయ్యయా?"

"గొట్టాల దాంక ఏడొస్తది? తోలు పలుచన. మీద ఉప్పు పడంగనే లోపలి నీళ్లన్నీ బయటికి గుంజుతది. మామిడి ముక్కలకు ఉప్పు కలిపితే నీళ్లూరవా? గట్లనే."

అత్తకు ఇక ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది. ప్రతి ఎండాకాలం ఆ నీళ్లు చూసే చేతులవి.

"బతికినవున్నయా?"

"అడుగున కదులుతున్నయ్. ఏరి, కడిగి, కొత్త మన్నుల ఎయ్యాలె."

"జరుగు. నేనేరుత."

ఏనాడూ పురుగును ముట్టని మనిషి, కొంగు దోపుకొని తొట్టి మీదికి వంగింది.

"ఆగు. ముందు ఆ తొక్కు ఉప్పంటిన చేతులు కడుక్కొని రాపో."

అత్త నల్లా దగ్గరికి నడిచింది.