‘బాగుంది’ అంటే బెదిరిపోయే మన వంటాయన గారు

ఇరవై ఆరేళ్ల కిందట, జూన్ నెల పదకొండో తేదీ ఉదయం ఏడున్నరకు, మన కొండదారి మరమ్మతుల కార్యాలయం గేటు దగ్గర ఒక ఇనపపెట్టె, దాని మీద మూరన్నర పొడుగు గరిటె, ఆ గరిటె పట్టుకుని ఒక మీసం ప్రత్యక్షమయ్యాయి. ఆ మీసం వెనకున్న పెద్దమనిషే ఈ శుక్రవారం పదవీ విరమణ చేస్తున్న మన గౌరవనీయులు, క్యాంటీను వంటాయన గారు.

శుక్రవారం సభ. ఆ తర్వాత వచ్చే మంగళవారం ఆయనకు గుండె ఆపరేషను. ఈ రెండో సంగతి ఎవరికీ చెప్పొద్దని ఆయన స్టోర్సు చూసే తన పాత మిత్రుడు బావ గారి చేత ఒట్టు వేయించుకున్నారు. బావ గారి నోట్లో నువ్వుగింజ నానదని ఇన్నేళ్ల స్నేహంలోనూ ఆయనకు తెలిసిరాలేదు పాపం! మీసం దర్జా మీసానిదే గానీ, వారం రోజులుగా ఆయన చేతిలో గరిటె గిన్నె అంచుకు టకటకమని తగులుతోంది. ఆయన భయం అర్థం కావాలంటే మొదటి నుంచి చెప్పుకురావాలి.

మన దగ్గరికి రాకముందు పదిహేనేళ్లు ఆయన సైన్యంలో వంట చేశారు. ఎడారిలో జీపు బానెట్ మీద గుడ్లు వేయించారు. ఓడలో అలల ఊపుకు పెనం మీద రొట్టెలు వాటంతటవే తిరగబడేవట, ఈయన పక్కన నిలబడి లెక్క చూసుకోవడమేనట. మంచుకొండల్లో పాలను రంపంతో కోశారు, ఉల్లిపాయను సుత్తితో పగలగొట్టారు. కూర ఆవిరి గాలిలోనే గడ్డకట్టి నెత్తిన పడి ఇద్దరికి బొప్పులు కట్టాయట. ఈ కథల్లో సగానికి సాక్షి బావ గారే. అప్పట్లో అదే దళంలో లారీ డ్రైవరు, ఈయన చేరిన ఏడాదికి మన దగ్గరికీ డ్రైవరుగానే వచ్చారు. మిగతా సగానికి సాక్షులేరని అడిగితే, “వాళ్లంతా రిటైరయ్యారు” అంటారు వంటాయన గారు.

అందరి భోజనాలూ అయ్యాక ఈ ఇద్దరూ బల్లకు చెరో పక్కనా కూర్చుని వంటలు చెప్పుకోవడం మనకు నిత్యం వినోదం. ప్రతి వంటలోనూ కావాలని ఒక తప్పు పెట్టాలి, రెండో మనిషి దాన్ని పట్టుకుని తిట్టాలి. అదీ వాళ్ల పద్ధతి.

“పప్పు మెత్తబడ్డాక రెండు చెంచాలు కాఫీపొడి వెయ్యాలి బావా.”

“కాఫీపొడి నీ తలకాయలో వేసుకో! పప్పు ఉసురు పోసుకుంటావురా నువ్వు.”

తిట్టు పడగానే వంటాయన గారి ముఖం వెలిగిపోయేది. మెచ్చుకుంటే మాత్రం ఆరిపోయేది. ఇంజనీరు గారు కొత్తగా వచ్చిన రోజు రెండు ముద్దలు తిని, “చాలా బాగుందండీ” అన్నారు. ఈయన ముఖం సున్నం కొట్టిన గోడలా తెల్లబోయింది.

“అలా అనకండమ్మా. ఏం బాలేదో చెప్పండి.”

“అన్నీ బాగున్నాయండీ!”

“పోనీ ఉప్పు తగ్గిందనండి. మీకు పుణ్యముంటుంది.”

ఆవిడ బిత్తరపోయి ఉప్పు తగ్గిందన్నారు. అప్పటికి గానీ ఆయనకు ఊపిరి ఆడలేదు.

దీని మూలం ఒక మంచు కనుమలో ఉంది. ముగ్గురు మనుషులు, ఒక లారీ. వంటాయన, డ్రైవరు (మన బావ గారే), దళంలో బట్టలు కుట్టే దర్జీ. పైనుంచి మంచు విరిగిపడి లారీ కిటికీల దాకా కూరుకుపోయింది. పట్టపగలే లోపల చీకటి. ఆ చలిలో కన్ను మూస్తే మళ్లీ తెరవడం ఉండదని ముగ్గురికీ తెలుసు. అందుకని వంటాయన వంటలు చెప్పడం మొదలుపెట్టారు. ఆకలి మీద ఉన్నవాడికి తప్పుడు వంట చెబితే వచ్చే కోపం నిద్రను తరిమినట్టు రమ్ము కూడా తరమదు. బంగాళాదుంప కూరలో బెల్లం అంటే డ్రైవరు ఎగిరిపడ్డాడు. రొట్టెపిండిలో సబ్బునీళ్లంటే దర్జీ కూడా పళ్లు కొరికాడు. కాసేపటికి వంటాయన, “అన్నంలో గుప్పెడు ఇసక కలపాలి” అన్నారు. డ్రైవరు తిట్టాడు. దర్జీ మాత్రం మెత్తగా నవ్వి, “బాగుందన్నా” అన్నాడు.

తవ్వి తీసినప్పుడు ఇద్దరే లేచారు.

ఆ మాట ఆయన వెంట ఇక్కడిదాకా వచ్చింది. తొమ్మిదేళ్ల కిందట వానాకాలంలో, మధ్యాహ్నం రెండు గంటలప్పుడు, నాలుగో మలుపు దగ్గర కొండచరియ జారి బావ గారి లారీ మీద పడింది. క్యాబిను సగం బురదలో ఉంది, ఎడమకాలు ఇనుములో ఇరుక్కుంది. వైర్‌లెస్ ఒక్కటి పలుకుతోంది. మన వైర్‌లెస్ సెట్టు క్యాంటీనులోనే ఉండేది, వాన కారని గోడ ఆఫీసు మొత్తానికి అదొక్కటే కాబట్టి.

“తవ్వడానికి మూడు గంటలు పడుతుంది. నిద్రపోనివ్వకండి” అని ఇంజనీరు గారు మనుషులతో పరుగెత్తారు. వంటాయన గారు తడి చేతులతోనే సెట్టు ముందు కూర్చున్నారు.

“బావా, బంగాళాదుంపలు కడక్కూడదు. మట్టితోనే ఉడకెయ్యాలి.”

“మట్టి మాట ఎత్తావంటే చంపేస్తాను.”

రెండు గంటలు అలా నడిచింది. పోనుపోను తిట్లు పొట్టివయ్యాయి. ఆపైన ఒట్టి మూలుగులయ్యాయి.

“దించే ముందు గుప్పెడు సున్నం చల్లాలి బావా.”

సెట్టు బుస్సుమంది. ఆ బుసలోంచి, అచ్చం దర్జీ గొంతంత మెత్తగా ఒక మాట వచ్చింది.

“బాగుంది...”

వంటాయన గారు ఉన్నట్టుండి బల్ల మీద గుద్ది అరిచారు.

“ఒరేయ్! మీ అమ్మ చేపల కూర కూరేనట్రా? గిన్నె కడిగిన నీళ్లు! లోపలున్న చేప ఇంకా ఈదుతూనే ఉందట!”

ఆయన చెవిని సెట్టుకు ఆనించారు.

“...మా అమ్మ... జోలికొస్తే...” అంది సెట్టు. ఆ తర్వాత వచ్చిన మాటలు ఈ సంచికలో అచ్చువేయదగినవి కావు.

బావ గారి కాలు వంకర తిరిగింది గానీ మనిషి దక్కారు. అప్పటి నుంచి స్టోర్సు చూస్తున్నారు. పోయిన వారం ఆ స్టోర్సులోనే, బోల్టుల డబ్బాల మధ్య, వంటాయన గారు గొంతు తగ్గించి అన్నారు.

“మత్తిస్తారట బావా. ఆ మత్తులో ఎవరేం చెప్పినా బాగుంది అనేస్తానేమోరా.”

“అంటే అను. నేను మీ అమ్మ వంకాయ కూరతో మొదలుపెడతాను.”

“మా అమ్మ జోలికి రాకు!”

“చూశావా? నీకేం కాదు పో.”

ఇంజనీరు గారు ఆసుపత్రివారిని ఒప్పించారు. ఆపరేషను అయ్యాక తెలివి వచ్చే వేళకు ఆయన ఇల్లాలు, మన అక్కయ్య గారు ఒక పక్క, బావ గారు ఒక పక్క కూర్చుంటారు. ఆయన చెవిలో చెప్పబోయే వంట కూడా సిద్ధమైంది. వంటాయన గారు దయచేసి కింది నాలుగు ముక్కలు చదవకుండా పేజీ తిప్పేయాలని మనవి.

“నలభైమందికి బంగాళాదుంప కూర. ఉల్లిపాయలు దోరగా వేగాక ముక్కలు వెయ్యి. ఉప్పు, కారం పట్టించు. మూత పెట్టు. దించే ముందు గుప్పెడు ఇసక చల్లు.”

వంటాయన గారికి ఈ సభలో శాలువా కప్పుతాం, దండ వేస్తాం. కానీ ఆయన వంట బాగుందని మాత్రం ఒక్కరమూ అనం, ఇది కార్యాలయ సిబ్బంది ఏకగ్రీవ తీర్మానం. ఆయన నిండు నూరేళ్లూ మన కూరల్లో ఉప్పు తగ్గిందని, ఈ వ్యాసంలో తప్పులున్నాయని గరిటెతో బల్ల బాదుతూ ఆరోగ్యంగా ఉండాలి. మంగళవారం మనమంతా క్యాంటీను ఫోను చుట్టూ ఉంటాం. అవతల నుంచి ఆయన గొంతులో ఒక్క తిట్టు వినబడ్డాకే ఆ రోజు పొయ్యి వెలిగించేది.