తొందరపడి చెప్పిన సాక్ష్యం

ఆసుపత్రి వార్డులో భర్త మంచం చుట్టూ ఉన్న తెరకు ఇవతలే పాస్టరమ్మను ఆపేసింది ఆమె. చాలా వారాలుగా ఆమె చర్చి గుమ్మం తొక్కలేదు.

"ఊరెళ్తున్నామని చెప్పావటగా?"

"అబద్ధమేనమ్మగారూ. చర్చిలో అందరి ముందూ మైకు పట్టుకుని, మా ఆయనకి పూర్తిగా నయమైందని సాక్ష్యం చెప్పానా? ఆఖరి పరీక్ష కాకముందే తొందరపడ్డాను. జబ్బు తిరగబెట్టింది. ఇక ఏ మొహం పెట్టుకుని రాను?"

"ఉన్న మొహమే పెట్టుకుని రా. ఇంకోటి ఎవరిస్తారు?"

"నవ్వించకండి. నా మూలంగా దేవుడి పరువు పోయింది."

"నలుగురిలో బట్టలు ఊడదీసి సిలువ వేస్తే భరించినవాడమ్మా. ఆయన పరువు నువ్వు కాపాడక్కర్లేదు."

ఆమె తలెత్తలేదు. "మేమిక్కడున్నామని ఎవరు చెప్పారు?"

"మీ ఆయనే. పొద్దున ఫోన్ చేశాడు. తన కోసం కాదట, నీ కోసం ప్రార్థన చెయ్యమన్నాడు. 'నా జబ్బుకి అది తల దించుకు తిరుగుతోందమ్మా, చూడలేకపోతున్నా' అన్నాడు."

ఆమె చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నాకు మాట రావట్లేదండీ."

"ప్రార్థన నేను చేస్తాను. నువ్వు ఆమేన్ అను, చాలు."

ప్రార్థన ముగిసింది. ఆమె నోటి మీంచి చెంగు తియ్యలేదు. తెర వెనక నుంచి, దగ్గుతూనే, ఆయన "ఆమేన్" అన్నాడు.

ఆమె తెర పక్కకు లాగింది.

"లోపలికి రండమ్మగారూ."