పైపు కాటు

తొమ్మిదేళ్ల కింద ముక్కలు ముక్కలుగా, డబ్బాల్లో ఇంటికొచ్చిన కారు అది. వెండెల్ ఒక్కో బోల్టూ బిగించుకుంటూ దాన్ని నిలబెట్టాడు. ఒహాయోలో ఆ గురువారం మధ్యాహ్నం గరాజ్ తలుపు పైకెత్తి, చివరికి మిగిలిన సైడ్ పైపు, తలుపు కింద బయటికే కనపడే పొగ గొట్టం, తగిలిస్తున్నారు. కారు పక్కన నేల మీద వెల్లకిలా పడుకున్నవాడు వెండెల్ భార్య తమ్ముడు లైల్. వచ్చేముందు అక్క నోరీన్ చెప్పిన నాలుగు మాటలు అతన్ని కుదురుగా ఉండనివ్వడం లేదు.

"బిగించకు, బిగించకు. ముందు పైపుని పట్టీకి వేలాడదియ్యి, ఆ తర్వాతే ఇంజను వైపు నట్లు. అన్నీ చేత్తో తిప్పి వదిలెయ్."

"మూడోసారి చెప్పడం ఇది బావా. నీ తొందర నాకు అంటించకు. పైపు కింద జాకీ ఇంకొంచెం ఎత్తు."

"చాలా?"

"చాలు చాలు. ఇంకా ఎత్తితే బాడీకి తగులుద్ది. మధ్యలో ఏమన్నా అడ్డం పెట్టావా?"

"రంగు కలిపే చెక్క పెట్టా. వేలెడు సందు ఉండాల. ఇంజను అందుకుందంటే పైపు ఊగుద్ది. వేడి మీద ఫైబర్ బాడీకి తగిలిందా, తొమ్మిదేళ్ల కష్టం పెంకులై ఊడుద్ది."

"మరి చెక్క తియ్యడం గుర్తుంచుకో."

"నాకేం మతిమరుపు లేదు."

"మతిమరుపని ఎవరన్నారు?"

"మరేమంటున్నారు?"

"నట్టు ఇవ్వు."

"లైల్. మీ అక్క ఏమంది?"

"నట్టు ఇవ్వు బావా. నాలుగోది."

"నాలుగోది... ఇక్కడే పెట్టానే. మూడే ఉన్నాయి."

"మూడూ నాకిచ్చేశావు. నాలుగోది అడుగుతున్నా."

"అదే. ఇందాక డబ్బీ జారింది, ఎటో దొర్లుంటది. అటు చూడు."

"ఇటు లేదు. అక్క ఏమందో చెప్పనా? మెట్ల మీద రెండుసార్లు పడ్డావంట."

"ఒకసారి పడ్డా. ఒకసారి కూర్చున్నా."

"షుగరు నీ కాళ్లలో స్పర్శ తినేస్తోందన్నాడంట డాక్టరు. పెడలు కాలికి తెలియకపోతే బండి తోలద్దన్నాడంట."

"తెలియకపోతే అన్నాడు. తెలుస్తోందిగా. ఇరవయ్యారేళ్లు బ్రెడ్డు వ్యాను తోలా. క్లచ్ ఎక్కడుందో నా కాలికి ఒకరు చెప్పాలా?"

"శనివారం నిన్ను తోలనియ్యొచ్చో లేదో చూసి రమ్మని పంపింది నన్ను. నేను ఊ అంటే ఊ. కాదంటే కారు తాళం తన దగ్గర పెట్టుకుంటదంట."

"ఓహో. పైపు బిగించడానికి వచ్చావనుకున్నా. పోలీసోళ్లు పంపిన మనిషివా."

"నాకేం సరదానా బావా? అక్క ఏడ్చింది ఫోన్లో."

"ఏడుస్తది. పెళ్లిలోనూ ఏడ్చింది. శనివారం క్లబ్బు కార్లు, ఇట్టాంటివే ముప్పై, కలిసి ఎరీ సరస్సు దాకా పోతాయి. తొమ్మిదేళ్లు వాళ్ల వెనకాల మీ అక్క కారేసుకుని పోయానురా. దిగంగానే గేలి. వెండెల్, ఏదీ నీ పిక్క చూపించు, అని."

"పిక్కెందుకు?"

"కాటు కోసం. దిగేటప్పుడు కాలుతున్న పైపు పిక్కకి తగులుద్ది. అందరికీ మచ్చ ఉంటది. కాటు పడ్డాకే క్లబ్బులో మనిషి. హార్లన్ లేడూ, ఆరున్నర అడుగులోడు, పెట్రోలు బంకులో ఒంటికాలి మీద గెంతి గెంతి ఏడ్చాడు. ఈ రోజుకీ వాణ్ణి గెంతులోడనే పిలుస్తారు."

"నీకూ పడుద్దిగా ఏదో ఒక రోజు."

"పడనీ. కిక్కురుమనను. కాస్తావా పందెం?"

"అందుకేనా ఈ నిక్కరు?"

"ఉక్కపోతకి."

"మరా చెప్పులేంటి? పడగ్గదిలో తొడుక్కునే మెత్త చెప్పులేసుకుని ఎవడన్నా గరాజ్‌లోకొస్తాడా?"

"బూట్లు ఇరుకవుతున్నాయి."

"బావా."

"ఇరుకవుతున్నాయన్నానుగా."

"కాదు. నీ ఎడం చెప్పు తియ్యి."

"ఎందుకు?"

"తియ్యి ముందు. నేల మీద నుంచి నాకు కనపడుతోంది. మడమ కింద ఏదో మెరుస్తోంది."

"ఏముంటది, ఏమీ ఉండదు. పని చూడు."

"ఉండు, నేనే తీస్తా. ఇదిగో. నాలుగో నట్టు."

"ఆ. తెలుసు."

"తెలుసా? నేను నేలంతా వెతుకుతుంటే దీని మీద నిలబడ్డావా?"

"వంగలేక ఊరుకున్నా."

"మడమలో అచ్చు దిగిపోయింది బావా. ఆరు పలకలూ కనపడుతున్నాయి."

"బిగించరా బాబూ, పొద్దుపోతోంది."

"అక్కకి ఏం చెప్పను నేను?"

"ఆ చెప్పు ఇటు పడెయ్."

"ఏం చెప్పమంటావ్?"

"ఒక్కసారి లైల్. సరస్సు దాకా పోయి రావడం, అంతే. ఆదివారం నేనే తాళం తీసుకెళ్లి మీ అక్క చేతిలో పెడతా. నా చేత్తో కట్టుకున్న బండి ఇంకోడు తోలుతుంటే పక్కన బొమ్మలా కూర్చోవాలా? భయంగా ఉందిరా నాకు. చచ్చేంత భయంగా ఉంది."

"ఆదివారం ఇస్తావా? ఒట్టు?"

"ఒట్టు."

"శనివారం నేను పక్క సీట్లో కూర్చుంటా. నా చెయ్యి హ్యాండ్ బ్రేకు మీదే ఉంటది."

"కూర్చో. పాటలు మాత్రం పాడకు."

"సరే. ఊ అనే చెప్తా అక్కకి. తెలిస్తే నా తోలు ఒలుస్తది."

"ముందు నా తోలయ్యాకే నీది. బిగించు, ఇప్పుడు గట్టిగా. ఒకటి, దాని ఎదురుది, తర్వాత మిగతావి. అయిందా? ఆ వేలిముద్రలు తుడువు. తుడవకుండా వేడెక్కిందంటే నీ ముద్రలు జన్మలో పోవు."

"తుడిచా. చెక్క తీశావా?"

"ఇదిగో, చేతిలోనే ఉంది."

"ఎక్కు మరి. తిప్పు తాళం."

ఆ తర్వాత చాలాసేపు ఇంజను మోతలో ఎవరి మాటా ఎవరికీ వినపడలేదు.

"ఆపేశావేం బావా?"

"చాలు మొదటిసారికి. విన్నావా దాని గొంతు?"

"విన్నా. నా పళ్లు కూడా విన్నాయి. వీధి చివర కుక్క ఇంకా మొరుగుతోంది."

"ఇప్పుడు దిగడం చూడు. ఎట్టా దిగాలో తొమ్మిదేళ్లు అనుకుంటూనే ఉన్నా. ఇట్టా కాలు బాగా ఎత్తి, పైపు మీద నుంచి అవతలకి. అయ్యింది. ఎక్కడా తగల్లా. గెంతులోడు చూడాల్సింది."

"ఏడుస్తున్నావా?"

"పొగ."

"అది సరే, ఏదో కాలుతోంది."

"కొత్త పైపు కదా. పైన పూసిన నూనె కాలుద్ది మొదటిసారి. నన్ను ఇక్కడే కాసేపు నిలబడి చూసుకోనీ."

"నూనె కంపు కాదిది. వెంట్రుకలు కాలిన కంపు."

"చెక్క ఏమన్నా లోపల..."

"చెక్క నీ చేతిలోనే ఉంది. బావా, ముందుకి రా. రా ఇటు, త్వరగా. నీ పిక్క పైపుకి అతుక్కుని ఉంది."

"ఏ కాలు?"